వంటింటి గోడకు అవతల జైలు

అమెరికా పల్లె కౌంటీల్లో, అంటే అక్కడి జిల్లాల్లో, ఒకప్పుడు జైలునూ గస్తీనీ చూసే షెరీఫ్‌గా చేసినవారి పిల్లలో, మనవలో చెప్పే జ్ఞాపకాల్లో తరచూ ఒక గోడ వస్తుంది. గోడకు ఇవతల వంటిల్లు, అవతల జైలు. మధ్యలో పళ్లెం దూరేంత కంత. అమ్మ వండి వడ్డిస్తే పిల్ల ఆ పళ్లేన్ని కంతలోంచి తోస్తుంది, అవతల ఒక చెయ్యి అందుకుంటుంది. ఆ చెయ్యి తాగి గొడవ చేసినవాడిదా, పశువుల దొంగదా, మనిషిని చంపినవాడిదా అన్నది ఆ వయసుకు అక్కర్లేని సంగతి. అమ్మ చేతి వంట కోసం చలి మొదలవగానే ఏదో ఒక చిల్లర నేరం చేసి జైలుకు వచ్చేవాళ్లుండేవారని కూడా చెబుతారు. నాన్న తుపాకీ బయటికి తియ్యకుండానే ఎంతటివాణ్నయినా దారికి తెచ్చేవారని మరో మాట.

ఈ కథలు ముచ్చటగా ఉంటాయి. వీటిని చరిత్రగా చదవాలంటే మాత్రం కాస్త చిక్కుంది. ఊరి దొంగతనాన్ని బయట నిలబడి చూసిన సాక్షి ఒకరు, ఆ దొంగకు రోజూ అన్నం పెట్టిన సాక్షి ఇంకొకరు. షెరీఫ్ కుటుంబం రెండో రకం. జీతం లేకుండా ఆ ఉద్యోగంలో సగం తానే చేసిన కుటుంబం అది. అందువల్ల జైలు రోజులు ఎలా గడిచేవో వాళ్లకు తెలిసినట్టు మరెవరికీ తెలియదు. రాత్రిపూట కౌంటీ రోడ్డు మీద ఏం జరిగిందో మాత్రం నాన్న ఇంటికొచ్చి చెప్పినంతే తెలుసు. కథ చెప్పేటప్పుడు ఈ రెండూ ఒకే గొంతుతో వస్తాయి. వాటిని విడదీయాలంటే ముందు ఆ పదవి సంగతి చూడాలి.

షెరీఫ్ అనే మాట ఇంగ్లండ్‌లో పుట్టింది. షైర్ అంటే జిల్లా, రీవ్ అంటే పనులు చూసే అధికారి. ఆ రెండూ అతుక్కుని, జిల్లాలో రాజుగారి మనిషికి పేరైంది. మన ముంబయి, కోల్‌కతాల్లోనూ ఆ పేరు మిగిలింది గాని అది సన్మాన పదవి, దానికి లాఠీ లేదు, లాకప్పు లేదు. అమెరికాకు వలస వెళ్లినవాళ్లు పేరుతోబాటు పనిని కూడా మోసుకెళ్లి, కాలక్రమాన రాజు ఉన్న చోట ఓటరును కూర్చోబెట్టారు. ఇప్పుడు అక్కడ సుమారు 3,000 మంది షెరీఫ్‌లున్నారు. అలాస్కాలో కౌంటీలే లేవు కాబట్టి షెరీఫ్‌లూ లేరు. కనెక్టికట్ 2000లో ఆ పదవిని ఎత్తేసింది. మిగతా రాష్ట్రాల్లో దాదాపు అన్నిచోట్లా ఎన్నికే, ఎక్కువగా నాలుగేళ్లకోసారి.

మన జిల్లా ఎస్పీ పరీక్ష రాసి వస్తాడు, రెండేళ్లకు బదిలీ అవుతాడు, పైన డీఐజీ ఉంటాడు. పల్లె షెరీఫ్ అక్కడి మట్టిలోనే పుట్టినవాడు. నిన్నటిదాకా వ్యవసాయం చేసి ఉండవచ్చు, పాత కార్లు అమ్మి ఉండవచ్చు. బదిలీ అన్న మాటే లేదు. కౌంటీ పాలకులు డబ్బు బిగబట్టగలరు గాని మామూలుగా అతణ్ని తీసెయ్యలేరు. జైలు, కోర్టు సమన్లు, జప్తు చేసిన ఆస్తుల వేలం, పట్టణాల హద్దు దాటాక గస్తీ, అన్నీ అతనివే. కెంటకీలో ఆస్తి పన్ను వసూలు కూడా షెరీఫ్‌దే. డాలస్ చుట్టుపక్కల కాలిన్, డెంటన్ కౌంటీల్లో స్థిరపడిన మనవాళ్లకు ఇది కొంత అనుభవమే. ఫ్రిస్కోలో దొంగతనం జరిగితే వచ్చేది నగర పోలీసులు, బ్యాలెట్ పత్రం మీద ఓటు అడిగేది షెరీఫ్.

తెలుగువాళ్లకు దగ్గరి పోలిక కావాలంటే ఎస్పీని వదిలేసి గ్రామ మునసబును, తెలంగాణలో అయితే పోలీస్ పటేల్‌ను తలచుకోవాలి. 1984లో ఎన్టీ రామారావు ప్రభుత్వం రద్దు చేసేదాకా ఊళ్లో సర్కారు అంటే వాళ్లే. వంశపారంపర్యం అన్న ఒక్క తేడా పక్కన పెడితే, ఇంటి అరుగే కచేరీ కావడం, తగవులన్నీ ఇంటి ఆడవాళ్ల చెవిన పడుతూనే ఉండడం రెండుచోట్లా ఉంది. మునసబు గారి మనవడు చెప్పే తాతగారి కథ వేరు, అదే తాతగారి గురించి పాలేరు మనవడు చెప్పే కథ వేరు. ఈ సంగతి మనకు ఎవరూ నేర్పనక్కర్లేదు.

ఇక ఆ ఇంటి సంగతి. పంతొమ్మిదో శతాబ్దం చివర ఇండియానా, ఒహాయో, అయోవా లాంటి రాష్ట్రాల్లో కౌంటీలు జైలును, షెరీఫ్ నివాసాన్ని ఒకే కట్టడంగా కట్టించాయి. ముందు వైపు వరండా, కిటికీ తెరలు, పూలకుండీలతో పెద్దమనిషి ఇల్లు. వెనక ఇనుప ఊచలు. ఇండియానాలోని క్రాఫర్డ్స్‌విల్‌లో 1882లో కట్టింది వీటిలో చిత్రమైనది. దాని జైలు భాగం రెండంతస్తుల గుండ్రటి పంజరం. కోసిన కేకు ముక్కల్లా లోపల గదులు. అంతస్తు మొత్తానికి బయటికి దారి ఒక్కటే. ఏ ఖైదీని బయటికి తేవాలన్నా పక్కన ఉన్న మర తిప్పాలి. ఖైదీలతో సహా పంజరమంతా గిర్రున తిరిగి, కావలసిన గది ఆ దారి ముందుకు వచ్చి ఆగుతుంది. ఒక్క మనిషి మొత్తం జైలును కాపలా కాయవచ్చని దీన్ని కనిపెట్టినవాళ్ల లెక్క. ఊచల్లోంచి చేతులు బయట పెట్టినవాళ్ల ఎముకలు నలిగిపోతున్నాయని 1930ల చివర ఆ తిరుగుడు ఆపేశారు. జైలు మాత్రం 1973 దాకా నడిచింది, ఇప్పుడది మ్యూజియం. ఆ మర తిరుగుతున్న చప్పుడు గోడ ఇవతల నిద్రపోతున్న షెరీఫ్ పిల్లలకు ఎలా వినిపించేదో ఊహించుకోవలసిందే.

ఒకే కప్పు కింద కట్టడానికి అసలు కారణం పొదుపు. రాత్రి కాపలాకు వేరే మనిషిని పెట్టనక్కర్లేదు, వంటకు జీతం ఇవ్వనక్కర్లేదు. షెరీఫ్ భార్య ఉంది కదా. ఆమెను మేట్రన్ అనేవారు. కొన్ని కౌంటీలు ఆ పేరు మీద చిన్న మొత్తం ఇచ్చేవి, చాలాచోట్ల అదీ లేదు. మూడుపూటలా వండడం, ఆడఖైదీలు వస్తే సోదా చెయ్యడం, రాత్రి ఫోను మోగితే లేవడం, మొగుడు ఊళ్లో లేనప్పుడు తాళాల గుత్తి నడుముకు కట్టుకోవడం ఆమె పని. ఓటు ఒకరికి వేస్తే ఇద్దరు పనిచేసేవారన్నమాట.

ఇక్కడే డబ్బు వస్తుంది, కుటుంబ కథల్లో సాధారణంగా రానిది ఇదే. చాలా రాష్ట్రాల్లో షెరీఫ్‌కు నెల జీతం కంటే ఫీజులే ముఖ్యం. సమను అందిస్తే ఇంత, అరెస్టు చేస్తే ఇంత, ఖైదీ తిండికి రోజుకు ఇంత అని బత్తెం. బత్తెంలో మిగిలింది షెరీఫ్ జేబుకే. పెరట్లో కూరగాయలు పండించి, చవగ్గా వండగల ఇల్లాలు ఉంటే ఆ మేరకు లాభం. "అమ్మ ఎంత మందికైనా చిటికెలో వండేది" అనే తీపి జ్ఞాపకానికి వెనక ఒక పద్దుల పుస్తకం ఉంది. అది ఎంత దూరం వెళ్లగలదో అలబామా చూపించింది. అక్కడ 1939 నాటి చట్టం మిగులు డబ్బును షెరీఫ్ ఉంచుకోవచ్చన్నట్టే ఉండేది. మోర్గన్ కౌంటీ షెరీఫ్ మూడేళ్లలో 2,12,000 డాలర్లు అలా మిగుల్చుకున్నాడు. చవగ్గా దొరికాయని లారీలో కార్న్‌డాగులు తెప్పించి, అంటే మొక్కజొన్న పిండిలో ముంచి వేయించిన సాసేజ్ పుల్లలు, వారాల తరబడి ఖైదీలకు అవే పెట్టాడు. 2009 జనవరిలో ఫెడరల్ జడ్జి ఆయన్నే ఒక రాత్రి కటకటాల వెనక్కి పంపాడు. చట్టం మారింది 2019లో.

భార్య ఎంత పని చేసేదో అందరికీ తెలుసు కాబట్టి, భర్త పోతే మిగిలిన కాలానికి ఆ కుర్చీ ఆమెకే ఇవ్వడం చాలాచోట్ల జరిగింది. జాలి ఉండవచ్చు, పింఛను లేని ఇంటికి జీతం కావాలన్న ఆలోచన ఉండవచ్చు, అంతకు మించి ఆ జైలు నడపడం తెలిసిన మనిషి ఆమే. కెంటకీలోని డేవిస్ కౌంటీలో 1936 ఏప్రిల్‌లో షెరీఫ్ ఎవరెట్ థాంప్సన్ న్యుమోనియాతో పోతే, నలుగురు పిల్లల తల్లి ఫ్లోరెన్స్ థాంప్సన్‌కు పదవి వచ్చింది. రెండు నెలలకే రెయినీ బెథియా అనే నల్లజాతి యువకుడు ఒక వృద్ధురాలైన శ్వేత మహిళను చెరిచి చంపాడన్న కేసు. జ్యూరీ నాలుగున్నర నిమిషాల్లో తేల్చేసింది. హత్యానేరం మోపితే శిక్ష రాష్ట్ర జైల్లో విద్యుత్ కుర్చీ. అత్యాచారం ఒక్కటే మోపితే నేరం జరిగిన కౌంటీలోనే బహిరంగంగా ఉరి. ప్రాసిక్యూటర్ రెండోది ఎంచుకున్నాడు. ఉరి తీయించే బాధ్యత షెరీఫ్‌ది, ఆ షెరీఫ్ ఒక ఆడమనిషి. దేశమంతటి నుంచీ విలేకరులు ఓవెన్స్‌బరోకు దిగారు.

1936 ఆగస్టు 14న సుమారు ఇరవై వేల మంది చూస్తుండగా ఉరి జరిగింది. అమెరికాలో అదే చివరి బహిరంగ ఉరి. ఫ్లోరెన్స్ దూరంగా కారులో కూర్చున్నారు. మీట లాగడానికి ఒప్పుకున్నది లూయీవిల్ నుంచి వచ్చిన ఒక మాజీ పోలీసు, అతనూ తాగి వచ్చాడు. ఆడమనిషి ఉరి తీస్తుందని వచ్చిన విలేకరులకు ఆ దృశ్యం దక్కలేదు. దాంతో జనం కేరింతలు కొట్టారని, శవం మీద ముసుగు చించుకున్నారని రాసి పంపారు. అక్కడున్న ఊరివాళ్లు మాత్రం అలా జరగలేదని దశాబ్దాల పాటు చెబుతూనే వచ్చారు. తర్వాత ఆ కేసును తవ్వినవారు కూడా పత్రికలు చాలా అతి చేశాయనే తేల్చారు. కుటుంబాల జ్ఞాపకాన్ని అనుమానించేవాళ్లు అచ్చులో ఉన్నదాన్ని కళ్లు మూసుకుని నమ్మకూడదని ఈ కేసు చెబుతుంది. అయితే ఊరి జ్ఞాపకంలో కూడా జనం ప్రవర్తన గురించే తగవు, ఆ నాలుగున్నర నిమిషాల గురించి కాదు.

ఇంటికీ జైలుకూ మధ్య గోడ ఎంత పల్చనో అన్నిటికంటే స్పష్టంగా తెలిసిన చోటు ఒహాయోలోని లైమా. పూర్తిగా పల్లె అనలేం, కౌంటీ కచేరీ ఉన్న చిన్న పట్నం. 1933 శరత్కాలంలో బ్యాంకు దోపిడీ కేసులో జాన్ డిలింజర్ అక్కడి అలెన్ కౌంటీ జైల్లో ఉన్నాడు. షెరీఫ్ జెస్ సార్బర్, ఆయన భార్య లూసీ అదే కట్టడంలో ఉండేవారు. అక్టోబరు 12 సాయంత్రం భోజనాలయ్యాక ముగ్గురు మనుషులు ఆఫీసులోకి వచ్చారు. ఇండియానా రాష్ట్ర జైలు నుంచి వచ్చామని, డిలింజర్‌ను అప్పగించమని అడిగారు. కాగితాలు చూపించమన్నాడు సార్బర్. వాళ్లలో ఒకడు, డిలింజర్ ముఠాలోని హ్యారీ పియర్‌పాంట్ తుపాకీ తీసి కాల్చాడు. కింద పడ్డ మనిషిని తాళాల కోసం కొట్టాడు కూడా. అప్పుడు లూసీ లేచి, భర్తను ఇంకా కొట్టకండని, తాళాలు తానే తెచ్చి ఇచ్చింది. వాళ్లు డిలింజర్‌ను విడిపించుకుని, ఆమెనూ, షెరీఫ్ సహాయకుడైన డిప్యూటీనీ కొట్లో వేసి తాళం పెట్టి వెళ్లిపోయారు. సార్బర్ ఆ రాత్రే చనిపోయాడు.

తండ్రి కుర్చీలోకి కొడుకు డాన్ వచ్చాడు. 1934 మార్చిలో లైమా కోర్టులో పియర్‌పాంట్ ముఠా విచారణ జరిగినప్పుడు ఖైదీల కాపలా బాధ్యత అతనిది, ఎదురుగా సాక్ష్యం చెప్పింది అతని తల్లి. చంపినవాళ్లకు రోజూ తిండి పెట్టవలసింది కూడా ఆ షెరీఫ్ కార్యాలయమే. ఇలాంటి కేసులో కుటుంబ జ్ఞాపకానికి ప్రత్యేకమైన బలం ఉంది. లూసీ సార్బర్ చెప్పింది తాను కళ్లారా చూసింది, ప్రమాణం చేసి కోర్టులో చెప్పింది, ఎదుటి లాయర్ల ప్రశ్నలకు నిలబడి చెప్పింది. భోజనాల బల్ల దగ్గర చెప్పే కథకు ఈ మూడూ ఉండవు.

సరిగ్గా అదే మార్చి మొదట్లో ఇండియానాలోని క్రౌన్ పాయింట్‌లో ఇంకో షెరీఫ్ కుటుంబం తలవంపులు పడింది. అక్కడి షెరీఫ్ లిలియన్ హోలీ. భర్త రాయ్ హోలీ 1933 జనవరిలో విధి నిర్వహణలో తుపాకీ గుండుకు బలయ్యాక ఆ బాధ్యత ఆమెకు వచ్చింది. మళ్లీ దొరికిన డిలింజర్‌ను ఆమె జైల్లోనే పెట్టారు. 1934 మార్చి 3న అతను తుపాకీ చూపించి కాపలావాళ్లను బంధించి, ఆమె కారులోనే పారిపోయాడు. దొంగ కారుతో రాష్ట్రం సరిహద్దు దాటడంతో అది ఫెడరల్ నేరమైంది, తర్వాత ఎఫ్‌బీఐ అయిన ఫెడరల్ దర్యాప్తు సంస్థ అధిపతి ఎడ్గర్ హూవర్ మనుషులు వేటలోకి దిగడానికి చట్టం దారి ఇచ్చింది అదే. దేశమంతా నవ్వింది. ఊరి పేరును క్లౌన్ పాయింట్ అని మార్చి వెక్కిరించారు. లిలియన్ నూరేళ్లు దాటి 1994 దాకా బతికారు, ఆ రోజు గురించి మాట్లాడడానికి మాత్రం ఇష్టపడలేదు. షెరీఫ్ కుటుంబాల జ్ఞాపకాల్లో ఈ మౌనాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి.

దొంగ ఇంట్లోనూ ఆల్బం ఉంటుంది. పారిపోయిన నెలకు డిలింజర్ మూర్స్‌విల్‌లోని తండ్రి ఇంటికి వెళ్లి, ఒక చేతిలో మెషిన్‌గన్, ఇంకో చేతిలో చెక్క తుపాకీ పట్టుకుని నవ్వుతూ ఫొటో దిగాడు. క్రౌన్ పాయింట్‌లో చూపించింది ఈ బొమ్మే అన్నాడు. నిజంగా చెక్కదేనా, లోపలికి అసలు తుపాకీ చేర్చినవారెవరైనా ఉన్నారా అన్నది ఇప్పటికీ తెగలేదు. బొమ్మ తుపాకీ అయితే దొంగ తెలివి, అసలుదయితే జైల్లో ఎవరో అమ్ముడుపోయారని అర్థం. ఎవరి ఇంటికి ఏ కథ నప్పుతుందో చెప్పనక్కర్లేదు.

గోడ అవతలివాళ్ల జ్ఞాపకం వినకపోతే మొత్తం కథే తలకిందులయ్యే కౌంటీలున్నాయి. ఫ్లోరిడాలోని లేక్ కౌంటీ నారింజ తోటల దేశం. విల్లిస్ మెకాల్ అక్కడ 1944లో గెలిచి వరసగా ఏడుసార్లు షెరీఫ్ అయ్యాడు. తెల్లవాళ్ల ఇళ్లలో ఆయన శాంతిని కాపాడిన గట్టిమనిషి. 1949లో గ్రోవ్‌లాండ్ దగ్గర ఒక తెల్ల యువతిని చెరిచారని నలుగురు నల్లజాతి యువకుల మీద కేసు పెట్టారు. ఒకణ్ని వెంటాడిన గుంపే కాల్చి చంపింది. ఇద్దరికి పడిన మరణశిక్షను 1951లో సుప్రీంకోర్టు కొట్టేసింది. కొత్త విచారణకు ఆ ఇద్దరినీ ఒకే బేడీతో కట్టి తీసుకొస్తూ దారిలో మెకాల్ కాల్చాడు. పారిపోబోయారని అతని మాట. శామ్యూల్ షెపర్డ్ అక్కడే చనిపోయాడు. వాల్టర్ ఇర్విన్ చచ్చినట్టు పడి ఉండి బతికాడు, బతికి వేరే కథ చెప్పాడు. అతను బతకకపోతే మనకు మిగిలేది షెరీఫ్ మాట ఒక్కటే. 1985లో ఒక రోడ్డుకు మెకాల్ పేరు పెట్టారు, 2007లో తీసేశారు. 2021లో కోర్టు ఆ నలుగురి మీద కేసును పూర్తిగా కొట్టేసింది. అప్పటికి నలుగురిలో ఒక్కరూ బతికి లేరు. ఏడుసార్లు గెలిపించిన ఓటర్ల జాబితాలో నల్లవాళ్లు ఎందరున్నారన్న ప్రశ్న ఏ విజయగాథలోనూ రాదు.

కుటుంబంలో నడిచే కథ నిలుస్తుందో లేదో చూడడానికి కౌంటీ కచేరీల్లో దొరికేవి అంత ఆకర్షణీయమైనవి కావు. జైలు రిజిస్టరు, అనుమానాస్పద మరణాల పంచనామాలు, కమిషనర్ల సమావేశాల పుస్తకాలు, వాటిలో ఖైదీల తిండి బిల్లులు. సారా బట్టీ పక్కన తాతగారు గొడ్డలి పట్టుకుని నిలబడ్డ ఫొటో గోడ మీద ఉంటుంది. మద్యనిషేధం ఉన్న 1920 నుంచి 1933 దాకా, ఆ తర్వాత కూడా మద్యం అమ్మకాన్ని నిషేధించిన ‘పొడి’ కౌంటీల్లో, ఇలాంటి ఫొటో ఎన్నికల్లో బాగా పనికొచ్చేది. ఆ ఏడాది ఎవరి బట్టీ పగిలింది, ఎవరిది పగల్లేదు అన్నది రిజిస్టరులో వెతకాలి. నా మట్టుకు నాకు తిండి బిల్లులే అన్నిటికంటే నమ్మకమైన సాక్షులు, ఎందుకంటే వాటిని ఎవరూ చరిత్ర కోసం రాయలేదు.

కాగితం లేని చోట ఏమవుతుందో టెనెసీలోని మెక్‌నైరీ కౌంటీలో తెలుస్తుంది. బ్యూఫోర్డ్ పుసర్ 1964లో ఇరవయ్యారేళ్లకే అక్కడ షెరీఫ్ అయ్యాడు. మిసిసిపీ సరిహద్దులో దొంగసారా, జూదం, వ్యభిచారం నడిపే ముఠాలతో తలపడ్డాడు. 1967 ఆగస్టు 12 తెల్లవారుజామున ఏదో గొడవ జరుగుతోందని కబురొస్తే వెళ్లానని, భార్య పొలీన్ వెంట వచ్చిందని, దారిలో ముఠావాళ్లు మాటువేసి కాల్చారని చెప్పాడు. ఆమె చనిపోయింది, అతని దవడ చెదిరిపోయింది. 1973లో హాలీవుడ్ దీన్ని సినిమా తీసింది, ఆ తర్వాత ఇంకొన్ని వచ్చాయి. మరుసటి ఏడాదే పుసర్ కారు ప్రమాదంలో పోయాడు. ఆడమ్స్‌విల్‌లోని వాళ్ల ఇల్లు మ్యూజియం అయింది. ఒక కుటుంబపు దుఃఖం, ఒక కౌంటీ గర్వం, ఒక చిన్న ఊరి పర్యాటకం, మూడూ ఆ ఒక్క ఉదయపు కథ మీదే నిలబడ్డాయి.

ఆ కథ చెప్పింది మాత్రం ఒక్కడే. అప్పటి దర్యాప్తు అతని మాట మీదే ఆధారపడి త్వరగా ముగిసింది. పొలీన్ శవానికి శవపరీక్షే జరగలేదు. 2022లో రాష్ట్ర దర్యాప్తు సంస్థ పాత ఫైలు మళ్లీ తెరిచింది, 2024 ఫిబ్రవరిలో సమాధి తవ్వించింది. కారు మీది రక్తపు మరకలు, ఆమె తలకు తగిలిన దెబ్బలు పుసర్ చెప్పినదానికి పొసగలేదని, అతని గాయం కూడా చాలా దగ్గర నుంచి, బహుశా తానే కాల్చుకోగా అయినదని నిపుణులు చెప్పారు. 2025 ఆగస్టులో ప్రాసిక్యూటర్, పుసర్ బతికి ఉంటే భార్య హత్య కేసులో అభియోగం మోపడానికి సరిపడా ఆధారం ఉందని ప్రకటించాడు. చనిపోయినవాడి మీద విచారణ నడవదు కాబట్టి ఇది తీర్పు కాదు, ఆ తేడా గుర్తుంచుకోవాలి.

సమాధి తవ్వాక జరిపిన శవపరీక్షలో ఇంకొకటి కూడా బయటపడింది. పొలీన్ ముక్కు ఎముక చావుకు ముందే ఎప్పుడో విరిగి, మళ్లీ అతుక్కుని ఉంది. సినిమాల్లో అది లేదు. ఆమె తమ్ముడు మాత్రం ప్రాసిక్యూటర్ చెప్పింది విని, తనకు ఇది పూర్తిగా ఆశ్చర్యం కలిగించలేదన్నాడు.